యంత్ర నిదానం

“నిదానం” అన్న మాటను మనవాళ్ళు రెండు అర్థాల్లో వాడతారు. వాడుకలో అది నెమ్మది, తొందరపడకపోవడం. “నిదానమే ప్రధానం” అన్న సామెతలో ఉన్నది ఆ అర్థమే. వైద్యశాస్త్రంలో నిదానమంటే రోగానికి మూలకారణం, ఆ కారణాన్ని తెలుసుకొనే విద్య. మాధవకరుడు రచించిన ప్రసిద్ధ గ్రంథానికి మాధవనిదానమన్న పేరు ఈ రెండవ అర్థంలో వచ్చింది. రెండర్థాలూ ఒకే మాటలో కలిసి ఉండడం మన భాషకు దక్కిన భాగ్యమని నాకనిపిస్తుంది. ఎందుకంటే నెమ్మది లేని చోట కారణం దొరకదు. మనిషి దేహం విషయంలో ఇది ఎంత నిజమో, మోటారుబండి విషయంలోనూ అంతే నిజం.

కారు నడిపేవారి ఎదుట, వేగం చూపే ముల్లు పక్కన, పసుపుపచ్చగా వెలిగే చిన్న ఇంజను బొమ్మ ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దానిని చెక్ లైటు అంటారు. అది వెలిగిందంటే, ఇంజనును నడిపే చిన్న కంప్యూటరు ఏదో దోషాన్ని పసిగట్టి, ఒక సంఖ్యను తనలో వ్రాసిపెట్టుకొన్నదని అర్థం. స్కానరు తగిలిస్తే ఆ సంఖ్య బయటికి వస్తుంది. ఆ సంఖ్య ఎక్కడ పుట్టింది, ఎవరి కోసం పుట్టింది, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల దాకా ఎట్లా వచ్చింది, వచ్చిన తరువాత మన షెడ్డుల్లోని పాత విద్య ఏమైంది అన్నదే ఈ టపా విషయం. తెలుగు పండితునికి మోటారుబండ్లతో పనేమిటని చదువరులు అడగవచ్చు. సూత్రం చిన్నదిగా ఉంటుంది, దానికి వ్యాఖ్యానం కావాలి, వ్యాఖ్యానం తెలియనివాడు సూత్రాన్ని పట్టుకొంటే అనర్థం జరుగుతుంది. ఇది మా వృత్తిలో మొదటి పాఠం. ఈ సంఖ్యల చరిత్ర అంతా నాకు ఆ పాఠంలాగే కనిపించింది.

సంఖ్యలు లేని రోజులనుండి మొదలుపెడదాం. కృష్ణా డెల్టాలో రాకపోకలకు ఒకప్పుడు కాలువలే రాజమార్గాలు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత పంటకాలువల మీద పడవలు సాగాయి. పడవకు దోషం వస్తే వడ్రంగి చూసుకొనేవాడు. బస్సులు వచ్చాక ఇంజను వైద్యుడన్న కొత్త వృత్తి పుట్టింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలుకు కరవు వచ్చినప్పుడు మద్రాసు రాజధానిలో బస్సుల వెనుక పొయ్యి బిగించి, బొగ్గును గాలి చాలకుండా మండించి, ఆ వాయువుతో ఇంజన్లు నడిపారు. పెద్దల జ్ఞాపకాల్లో వినిపించే బొగ్గు బస్సులు అవే. బండి ఎత్తెక్కలేకపోతే పొయ్యిలో దోషమా, వడపోతలో బూడిద పట్టిందా, ఇంజనులోనే దోషమా అన్నది చూపుతో, వాసనతో, చెవితో తేల్చుకోవలసిందే. వేరే సాధనం లేదు.

ఆ తరువాతది అంబాసిడర్ యుగం. 1957లో తయారీ మొదలై 2014లో ఆగిపోయిన ఆ కారు, మన ప్రాంతపు మెకానిక్కులకు అక్షరాభ్యాసం చేయించిన పలక. 1960లలో విజయవాడలో ఆటోనగర్ ఏర్పడింది. దానికి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న బందరులోనూ, గుడివాడ, పామర్రు, అవనిగడ్డలలోనూ రోడ్డు పక్కన రేకుల షెడ్డులు వెలిశాయి. అక్కడి విద్య గురుముఖంగా నేర్చుకొన్నది. ఇంజను “మిస్సింగ్” కొడుతోందంటే మేస్త్రి ఇంజనును నడుస్తూ ఉండనిచ్చి ఒక్కొక్క ప్లగ్గు వైరునూ ఊడదీసేవాడు. వైరు తీసినప్పుడు ఇంజను చప్పుడు తగ్గితే ఆ సిలిండరు ఆరోగ్యంగా పనిచేస్తున్నట్టు. తీసినా తేడా రాకపోతే అది ముందే చచ్చి ఉన్నట్టు. డీజిలు బండి అయితే నాజిల్‌కు పోయే గొట్టపు నట్టును ఒక్కొక్కటిగా వదులు చేసి అదే పరీక్ష చేసేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకొని లోపలి చప్పుళ్ళు వినేవారు. వైద్యుని స్టెతస్కోపుకు అది సోదరి.

ప్లగ్గు రంగు చూడడం మరొక శాస్త్రం. ప్లగ్గు నల్లని పొడిమసితో ఉంటే పెట్రోలు ఎక్కువగా పడుతోంది. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలక వేడెక్కుతోంది. నూనెతో తడిగా ఉంటే రింగులు అరిగాయి. లేత గోధుమరంగులో ఉంటే బండికి ఏ రోగమూ లేదు. పొగ కూడా అంతే. నల్లపొగ తిండి ఎక్కువైనదని, నీలిపొగ నూనె కాలుతున్నదని, ఆగని తెల్లపొగ నీళ్ళు సిలిండరులోకి దిగుతున్నాయని చెబుతాయి. నాడి చూసి, నాలుక చూసి, కళ్ళు చూసి రోగం చెప్పిన మన పాత వైద్యుల పద్ధతికి ఇది ఏమాత్రం తీసిపోదు.

ఆయుర్వేదం రోగాన్ని తెలుసుకొనే ఉపాయాలు ఐదని చెప్పింది. రోగానికి హేతువు నిదానం. రోగం పూర్తిగా బయటపడకముందు కనిపించే సూచనలు పూర్వరూపం. బయటపడిన లక్షణాలు రూపం. ఒక ఔషధమో పథ్యమో ఇచ్చి చూసి, అది పడిందా లేదా అన్నదాన్ని బట్టి రోగాన్ని తేల్చడం ఉపశయం. దోషం దేహంలో ఎట్లా పుట్టి, ఎట్లా పాకి, రోగమైనదో తెలుసుకోవడం సంప్రాప్తి. ఈ ఐదింటినీ కలిపి నిదానపంచకం అంటారు. చదువరులు ఈ ఐదు మాటలనూ కాస్త గుర్తు పెట్టుకోవాలి. ముందు వీటితో పని ఉంది.

మరి సంఖ్య ఎందుకు వచ్చింది? మెకానిక్కుకు సుఖంగా ఉండాలని ఎవరూ దానిని కనిపెట్టలేదు. ఊపిరాడని ఒక నగరం దానికి జన్మస్థానం. 1943 వేసవిలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరాన్ని కళ్ళు మండించే పొగమంచు కమ్మింది. అది యుద్ధకాలం కావడంతో శత్రువులు విషవాయువు వదిలారని కూడా కొందరు భయపడ్డారు. హాలండులో పుట్టి అక్కడ స్థిరపడిన ఏరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950ల తొలినాళ్ళలో దాని గుట్టు విప్పాడు. అప్పటివరకు అనాసపండు సువాసన దేనినుండి వస్తుందో పరిశోధిస్తున్న మనిషి ఆయన. కార్ల గొట్టాలనుండి, నూనెశుద్ధి కర్మాగారాల నుండి వెలువడే హైడ్రోకార్బన్లు, నత్రజని ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోనుగా మారుతున్నాయని ఆయన నిరూపించాడు. 1967లో కాలిఫోర్నియా రాష్ట్రం గాలి నాణ్యతకు ఒక మండలిని ఏర్పరచింది. దానికి మొదటి అధ్యక్షుడు హాగెన్-స్మిట్. 1970లో అమెరికా స్వచ్ఛవాయు చట్టం కార్ల విషవాయువులను 90 శాతం తగ్గించాలని శాసించింది.

ఆ శాసనం ఇంజను స్వరూపాన్నే మార్చింది. 1975 నాటి కార్లనుండి పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టరు అమర్చడం మొదలైంది. తరువాత వచ్చిన మూడుపనుల కన్వర్టరు సరిగా పనిచేయాలంటే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి చొప్పున, ఆ నిష్పత్తి తప్పకుండా కలవాలి. కార్బొరేటరు అంత సూక్ష్మంగా కలపలేదు. 1976లో బాష్ సంస్థ పొగలోని ఆక్సిజనును కొలిచే లాంబ్డా సెన్సారును మార్కెట్టులోకి తెచ్చింది. సెన్సారు చెప్పిన మాట విని క్షణక్షణమూ పెట్రోలును సరిచేయడానికి కంప్యూటరు కావలసి వచ్చింది. కంప్యూటరు వచ్చిన తరువాత, సెన్సారే అబద్ధం చెబితే ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టినవే దోషసంఖ్యలు.

మొదటి సంఖ్యలు దీపం మిణుకులే. 1981 నాటి జనరల్ మోటార్స్ కార్లలో డ్యాష్‌బోర్డు క్రింద ఉన్న ఒక సాకెట్టులో రెండు పిన్నులను తీగతో కలిపితే దీపం వెలిగి ఆరుతూ సంఖ్య చెప్పేది. ఒక మిణుకు, చిన్న విరామం, రెండు మిణుకులు వస్తే 12. ఒక్కొక్క సంఖ్యనూ మూడేసిసార్లు చెప్పేది. అయితే ఒక సంస్థ సంఖ్య మరొక సంస్థ బండిలో చెల్లదు. సాకెట్టు ఆకారం కూడా వేరు. 1988 నుండి కాలిఫోర్నియాలో అమ్మే కార్లన్నిటిలో ఇట్లాంటి స్వయంపరీక్ష ఉండాలన్న నియమం వచ్చింది. దానినే ఓబీడీ మొదటి దశ అంటారు. భాష మాత్రం ఎవరిది వారిదే.

1996లో అసలైన మార్పు వచ్చింది. అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారులోనూ 16 పిన్నుల ఒకే సాకెట్టు, ఒకే సంఖ్యావళి ఉండాలన్న నియమం ఆ ఏడాదినుండి అమలైంది. ఇది ఓబీడీ రెండవ దశ. సంఖ్యకు ముందు ఒక అక్షరం ఉంటుంది. పి అంటే ఇంజను, గేరుబాక్సు. బి అంటే బాడీ. సి అంటే చట్రం, బ్రేకులు. యు అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే వైర్ల వ్యవస్థ. అక్షరం తరువాతి మొదటి అంకె సున్నా అయితే అది అన్ని సంస్థలకూ ఉమ్మడి సంఖ్య. ఒకటి అయితే ఆ సంస్థ సొంత సంఖ్య. ఆ తరువాతి అంకె విభాగం చెబుతుంది. 1, 2 అంటే గాలి, ఇంధనం. 3 అంటే నిప్పురవ్వ, మిస్సింగ్. 4 అంటే పొగను శుద్ధి చేసే భాగాలు. కాబట్టి పి0301 అంటే ఒకటవ సిలిండరులో మిస్సింగ్ అని ఏ దేశపు మెకానిక్కుకైనా అర్థమవుతుంది.

మనకు ఇది కొత్త విద్య కాదనిపిస్తుంది. కటపయాది సంఖ్యావిధానం తెలిసినవారికి ధీరశంకరాభరణం అన్న పేరులోని మొదటి రెండక్షరాలు 9, 2 అవుతాయని, తిరగవేస్తే అది 29వ మేళకర్త అని తెలుసు. క్షేత్రయ్య మొవ్వ, సిద్ధేంద్రయోగి కూచిపూడి ఉన్న సీమలో ఈ లెక్క చెప్పగలవారు ఇప్పటికీ ఉంటారు. అయితే 29 అన్న సంఖ్య తెలిసినంత మాత్రాన శంకరాభరణం పాడడం రాదు. రాగం ఏదో తెలుస్తుందంతే. పి0301 కూడా అంతే.

నిదానపంచకానికి వద్దాం. ఓబీడీ రెండవ దశను తీర్చిదిద్దినవారు చరకుని చదివి ఉంటారని నేను అనను. కానీ పోలిక చూడండి. దోషం మొదటిసారి కనిపించగానే కంప్యూటరు సాధారణంగా దీపం వెలిగించదు. తాత్కాలిక సంఖ్యగా గుర్తుపెట్టుకొంటుంది. మరుసటి ప్రయాణంలోనూ అదే కనిపిస్తే అప్పుడు దీపం వెలిగిస్తుంది. మొదటిది పూర్వరూపం, రెండవది రూపం. దీపం వెలిగిన క్షణాన ఇంజను వేగమెంత, వేడి ఎంత, బండి ఎంత వేగంతో పోతోంది అన్నవాటిని ఒక చిత్రంలాగా దాచిపెడుతుంది. స్కానరులో ఆ చిత్రాన్నీ, నడుస్తున్న ఇంజను అంకెలనూ చూస్తూ దోషం ఎట్లా పాకినదో ఊహించడం సంప్రాప్తి. నిదానాన్ని మాత్రం ఏ యంత్రమూ చెప్పదు. అది మనిషి చేయవలసిన పని.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కార్బొరేటరు బండే. 1990ల చివర మల్టీపాయింట్ ఇంజెక్షన్ కార్లు వచ్చాయి. 1998లో వచ్చిన శాంట్రో వాటిలో ఒకటి. 2000 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా కొత్త పొగనియమాలు అమలయ్యాక మారుతి 800 కూడా ఇంజెక్షన్‌కు మారింది. భారత్ స్టేజ్ నాలుగు ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరాలకు వచ్చాయి. ఓబీడీ తప్పనిసరి అయింది ఆ ప్రమాణాలతోనే. దేశంలోని తక్కిన ఊళ్ళకు అవి 2017 ఏప్రిల్ 1న వచ్చాయి. 2020 ఏప్రిల్ 1న ఆరవ స్టేజ్ వచ్చింది. దానితో మోటారు సైకిళ్ళకు కూడా చెక్ లైటు వచ్చింది. అమెరికాలో 1996లో మొదలైన ఉమ్మడి భాష మనకు శాసనంగా పూర్తిగా అందడానికి రెండు దశాబ్దాలు పట్టిందన్నమాట. అంబాసిడరుతో అక్షరాభ్యాసం చేసిన మేస్త్రి ఈ నడుమ చూస్తూ ఉండగానే తన విద్య పాతబడిందన్న మాట విన్నాడు. స్కానరు ఉన్నవాడే వైద్యుడన్న అభిప్రాయం ప్రబలింది.

ఆ అభిప్రాయం ఎంత ప్రమాదకరమో మన డెల్టా గాలే చెబుతుంది. ఇంజనులోని నీటి వేడిని చూసే సెన్సారు సర్క్యూట్‌లో వోల్టేజి ఎక్కువగా ఉంటే పి0118 అన్న సంఖ్య వస్తుంది. ఈ సెన్సారు వేడెక్కే కొద్దీ విద్యుత్తును సులువుగా పోనిస్తుంది, చల్లబడే కొద్దీ అడ్డుకొంటుంది. వైరు తెగినా, ప్లగ్గులోని పిన్నుకు చిలుము పట్టినా విద్యుత్తు పోదు. కంప్యూటరు దానిని మహాచలిగా అర్థం చేసుకొంటుంది. బందరులో మే నెల రోహిణీకార్తె ఎండలో నిలబడిన బండి స్కానరులో తన ఇంజను నీరు సున్నాకు దిగువన 40 డిగ్రీలు ఉందని చెబుతుంది! సంఖ్యను మాత్రమే చదివినవాడు కొత్త సెన్సారు వేస్తాడు. ఉప్పుగాలిని ఎరిగినవాడు ప్లగ్గు ఊడదీసి చూస్తాడు. లోపల పచ్చని చిలుము కనిపిస్తుంది. శుభ్రంగా తుడిచి గట్టిగా బిగిస్తే రోగం కుదురుతుంది. నాగాయలంక, కోడూరు, హంసలదీవి వైపు సముద్రపుగాలిలో తిరిగే బండ్లకు ఈ జాగ్రత్త మరింత అవసరం. వరికోతల తరువాత ఇళ్ళ దగ్గరికి చేరే ఎలుకలు బానెట్టు క్రింద వైర్లు కొరికితే వచ్చే సంఖ్యలలోనూ ఎలుక పేరు ఉండదు.

పి0171 అన్నది మరొకటి. మిశ్రమంలో ఇంధనం తక్కువగా ఉన్నదని దాని అర్థం. చాలామంది వెంటనే ఆక్సిజను సెన్సారు మారుస్తారు. సెన్సారు చేసిన నేరం ఏమిటి? ఉన్న మాట చెప్పింది. రబ్బరు గొట్టం పగిలి గాలి దొంగతనంగా లోపలికి పోతూ ఉండవచ్చు. పెట్రోలు ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు. గాలిని కొలిచే సెన్సారుకు దుమ్ము పట్టి ఉండవచ్చు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే లోపం ఎక్కువగా ఉండి, వేగం పెంచినప్పుడు తగ్గితే గొట్టం పగిలిందని అనుమానించాలి. వేగంతో పాటు లోపం పెరిగితే పెట్రోలు అందడం లేదని అనుమానించాలి. ఇదే సంప్రాప్తి విచారం. కబురు తెచ్చిన దూతను చంపడం రాజనీతి కాదని మన కావ్యాల్లో చదువుకొన్నాం. షెడ్డుల్లో మాత్రం రోజూ ఎందరో దూతలు చస్తున్నారు, వారి ఖరీదు బండి యజమాని బిల్లులో పడుతోంది.

ఉపశయానికి ఉదాహరణ పి0301. ఒకటవ సిలిండరు మిస్సింగ్ అని వచ్చింది. కాయిల్ పోయిందా, ప్లగ్గు పోయిందా, ఇంజెక్టరా, లోపలి వాల్వా? ఒకటవ సిలిండరు కాయిల్‌ను తీసి రెండవదానికి, రెండవదాన్ని ఒకటవదానికి మార్చి, సంఖ్యను చెరిపి బండి నడపాలి. ఈసారి పి0302 వస్తే దోషం కాయిల్‌తో పాటు నడిచి వచ్చినట్టు. పి0301 అలాగే నిలిస్తే కాయిల్ నిర్దోషి. పైసా ఖర్చు లేని పరీక్ష. మరొక విశేషం కూడా ఉంది. మిస్సింగ్‌ను కంప్యూటరు కనిపెట్టే పద్ధతి ఏమిటంటే, క్రాంకుకు బిగించిన పళ్ళచక్రం తిరిగే వేగాన్ని చూస్తూ, ఏ సిలిండరు మండవలసిన క్షణాన వేగం పెరగలేదో గుర్తించడం. అంబాసిడర్ మేస్త్రి ప్లగ్గు వైరు ఊడదీసి చెవితో విన్నది కూడా ఆ వేగాన్నే. యంత్రం మేస్త్రి విద్యనే తన పద్ధతిలో తిరిగి కనిపెట్టింది.

లారీల సంగతి వేరు. దివిసీమలో చెరువుల దగ్గర రొయ్యలు ఐసులో వేసి ఎత్తే లారీ రాత్రిపూట దారిలో శక్తి తగ్గించుకొని ఈడిగిలబడితే, ఆ నష్టం మెకానిక్కు బిల్లుతో తీరేది కాదు. రొయ్య ఆగదు, ఐసు ఆగదు. ఇప్పటి పెద్ద డీజిలు బండ్లలో చాలావాటికి 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధజలం పొగగొట్టంలో చిమ్మే ఏర్పాటు ఉంది. నత్రజని ఆక్సైడ్లను అది విషంలేని నత్రజనిగా, నీరుగా మారుస్తుంది. ఆ ద్రావణం అయిపోయినా, నాణ్యత చెడినా కంప్యూటరు ముందు హెచ్చరించి, తరువాత ఇంజను శక్తిని తగ్గిస్తుంది. పొలానికి చల్లే యూరియాను బకెట్టులో కలిపి పోద్దామన్న ఆలోచన మన రైతుబిడ్డలకు సహజంగానే వస్తుంది. ఎరువు యూరియాలోని మలినాలు కన్వర్టరును పాడుచేస్తాయి. ఆదా చేసిన వందలకు లక్షలు చెల్లించవలసి వస్తుంది.

సంఖ్యలు ఒక్కసారిగా గుంపుగా వచ్చే సందర్భమూ ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచింది. ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగువన మన లంకల మీదికి వచ్చింది. నీట మునిగిన బండికి స్కానరు పెడితే పదులకొద్దీ సంఖ్యలు కనిపించడం సహజం. అవి అన్ని రోగాలు కావు. బ్యాటరీ నీరసమో, అందరికీ ఉమ్మడిగా ఉండే ఎర్తు వైరులో తుప్పో, ఒక ప్లగ్గులో బురదో ఉంటే దానిని ఆశ్రయించిన సెన్సార్లన్నీ ఒకేసారి మొరపెడతాయి. వేరు ఒకటే, కొమ్మలు అనేకం. వేరును చూడాలి. మునిగిన బండిని పరీక్షించకుండా స్టార్టు చేయరాదన్నది మరొక నియమం. సిలిండరులో చేరిన నీరు అణగదు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

ఇంతవరకు చెప్పినది సంఖ్యను చదివే తెలివి గురించి. చదివే హక్కు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు పోరాటం అక్కడ ఉంది. సున్నాతో మొదలయ్యే సంఖ్యలు అందరివీ అన్నాను. ఒకటితో మొదలయ్యేవాటి అర్థం, కొత్త భాగం అమర్చినప్పుడు కంప్యూటరుకు దానిని పరిచయం చేసే ప్రక్రియ, తాళంచెవి రహస్యాలు తయారీదారుల చేతిలో ఉన్నాయి. రోడ్డు పక్క షెడ్డుకు అవి అందవు. మన దేశంలో దీనిపై 2011లో కాంపిటీషన్ కమిషన్ ముందుకు ఫిర్యాదు వెళ్ళింది. విడిభాగాలను, రోగనిర్ధారణ పరికరాలను బయటి మెకానిక్కులకు దొరకనీయడం లేదని తేల్చి, కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల సంస్థలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. సంస్థలు అప్పీళ్ళకు వెళ్ళాయి, వ్యాజ్యాలు నడిచాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ప్రజలు ఓటు వేసి మరీ మరమ్మతు హక్కును చట్టం చేయించుకొన్నారు. మన కేంద్రప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించింది. చట్టం చేసే పనికి ఇది తొలిమెట్టు మాత్రమే.

ఈ తాళాల వలన నష్టం మెకానిక్కుకే అనుకోరాదు. యంత్రం లోపలి వ్రాతను బయటివాడు చదవలేనప్పుడు ఏమవుతుందో 2015 సెప్టెంబరు 18న లోకానికి తెలిసింది. పరీక్షశాలలో ఉన్నప్పుడు మాత్రమే పొగను శుద్ధి చేసి, రోడ్డు మీద వదిలివేసే రహస్యపు ప్రోగ్రామును ఫోక్స్‌వ్యాగన్ తన డీజిలు కార్లలో పెట్టిందని అమెరికా పర్యావరణ సంస్థ ఆ రోజున నోటీసు ఇచ్చింది. ప్రపంచంలో అట్లాంటి బండ్లు కోటి పైన ఉన్నాయని సంస్థే ఒప్పుకొన్నది. ఆ కార్లలో దీపం వెలగలేదు. దోషాన్ని కనిపెట్టవలసినదే దోషంలో భాగస్వామి అయింది. దానిని బయటపెట్టినవారు పొగగొట్టానికి సొంత పరికరం కట్టి రోడ్డు మీద వేల మైళ్ళు నడిపి చూసిన పరిశోధకులు. యంత్రం చెప్పినమాటను ప్రత్యక్షంతో సరిచూసుకోవాలన్న మేస్త్రి సూత్రం అక్కడా గెలిచింది.

1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గార్లు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినప్పుడు, పుస్తకవిద్యతో పాటు చేతివిద్యలు కూడా నేర్పాలని సంకల్పించారు. తలకూ చేతికీ నడుమ గోడ ఉండరాదన్నది వారి ఆశయం. ఈనాటి షెడ్డులో ఆ గోడ మరొక రూపంలో నిలిచి ఉంది. స్కానరు మాట్లాడేది ఇంగ్లీషు. దానిని పట్టుకొన్న కుర్రవాడు చాలాసార్లు తెలుగు బడిలో చదివి, పదవ తరగతితోనో అంతకు ముందో ఆపినవాడు. వానికి సంఖ్య తెలుసు, ఏ భాగం మార్చాలో ఎవరో చెబితే తెలుసు. ఎందుకు మార్చాలో చెప్పే పుస్తకం వాని భాషలో లేదు. చెవి ఉన్న ముసలి మేస్త్రి దగ్గర సంఖ్య లేదు, సంఖ్య ఉన్న కుర్రవాని దగ్గర వ్యాఖ్యానం లేదు. ఒక తరం కనుమరుగైతే ఈ రెండూ కలిసే అవకాశమే ఉండదు. ప్లగ్గు రంగులను చదివిన విద్య, గాలి పీల్చే చప్పుడును గుర్తుపట్టిన విద్య వ్రాతకెక్కకుండానే పోతాయి.

బండి ఉన్న మిత్రులకు నాలుగు మాటలు. తాళం తిప్పగానే చెక్ లైటు వెలిగి, ఇంజను స్టార్టు కాగానే ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు తీసివేశారేమో అనుమానించాలి, ముఖ్యంగా పాత బండి కొనేటప్పుడు. లైటు నిలకడగా వెలిగితే కంగారు అక్కరలేదు, కానీ వేడి ముల్లునూ ఆయిలు దీపాన్నీ గమనించి త్వరలో చూపించుకోవాలి. మిణుకుమిణుకుమంటూ బండి వణికితే పక్కకు తీసి ఆపాలి. మండని పెట్రోలు కన్వర్టరును కాల్చివేస్తుంది. సంఖ్యను చెరిపే ముందు దానిని, దానితో ఉన్న ఆ క్షణపు చిత్రాన్ని కాగితం మీద వ్రాయించుకోవాలి. లైటును ఆర్పడం మరమ్మతు కాదు. ఏ భాగం మార్చాలన్నా, అది చెడిందని ఏ పరీక్షతో తెలిసిందని మర్యాదగా ఒక్క ప్రశ్న అడగాలి. మంచి మెకానిక్కు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

చివరగా ఒక కోరిక. మన ప్రాంతపు షెడ్డుల్లో పుట్టిన మాటలు ఎన్నో ఉన్నాయి. మిస్సింగ్ కొట్టడం, ఎయిర్ పట్టడం, ఇంజను పట్టేయడం, పికప్ చావడం ఇట్లాంటివి. కొన్ని అరువు మాటలే అయినా వాటికి మన క్రియలు తగిలి మన మాటలైనాయి. ఈ సంఖ్యలకు ఎవరైనా తెలుగులో వ్యాఖ్యానం వ్రాయదలిస్తే ముడిసరుకు ఇదే. మీ ఊరి మేస్త్రుల నోట విన్న ఇట్లాంటి మాటలు, వారు దోషం పట్టే ఉపాయాలు మీకు తెలిసి ఉంటే వ్యాఖ్యలలో వ్రాయండి. పోగుచేసి ఒకచోట ఉంచుదాం.

స్వస్తి.